చిక్కడపల్లిలో జోడుగళ్ళ చీర

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసి మా చీరాల వీధిలో వాళ్ళంతా చార్మినార్ చూశావా, గోల్కొండ ఎక్కావా అని అడిగారు. ఏదీ చూడలేదు. నేను చూసింది చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న పేటలు, కాళ్ళలో సత్తువుంటే నడిచే తిరగొచ్చు. నేను నడిచే తిరిగాను. ఆ ఊరు వెళ్ళనివాళ్ళకి చెప్పుకోదగ్గ వింతలేమీ నా దగ్గర లేవు. చీరల సంగతి మాత్రం చెప్పగలను.

వెళ్ళింది చావు పని మీద. మా అక్క రత్నం భర్త, మా అంజయ్య బావ, ఉన్నట్టుండి పోయాడు. కబురు తెలిసినప్పుడు నేను జ్వరంతో మంచం మీద ఉన్నాను. లేచి తిరగగలిగేసరికి పదోరోజు దగ్గర పడింది. భర్త పోయిన ఆడమనిషికి ఆ రోజున పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. మాకు అన్నదమ్ములు లేరు, అమ్మా నాన్నా ఎప్పుడో వెళ్ళిపోయారు. పుట్టిల్లంటే ఇక నేనే కాబట్టి సన్న చారల తెల్ల చీర ఒకటి సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

చిక్కడపల్లి: మెట్ల కింద కుట్టుమిషను

అక్క ఉండేది కూరగాయల మార్కెట్ వెనక సందులో, కిరాయికి తీసుకున్న రెండు గదుల ఇంట్లో. సందు మొదట్లో ఒక మేడమెట్ల కింద బావ కుట్టుమిషను ఉండేది. చీరలకి ఫాల్ కుట్టడం, అంచుకి పీకో చేయడం ఆయన పని. నేను వెళ్ళేసరికి మిషను మీద గోనెపట్టా కప్పి ఉంది. దాని మీద ఎవరో కొత్తిమీర కట్టలు పెట్టి అమ్ముతున్నారు. కట్ట పది రూపాయలంట. మా ఊళ్ళో అయితే అడిగితే ఊరికే ఇచ్చేంత కట్ట. నాకు కోపం రావలసింది, రాలేదు. మార్కెట్లో జాగా ఖాళీగా ఉంటే ఎవరాగుతారు?

అక్క నన్ను చూసి ఏడవలేదు. "వచ్చినవా పద్దూ, కాళ్ళు కడుక్కో" అంది. ఇన్నేళ్ళ కాపురంలో అక్క మాట సగం ఈ ఊరిదైపోయింది. మిగతా సగం నాతో మాట్లాడేటప్పుడే బయటికి వస్తుంది. లోపల బావ అక్కగారు యాదమ్మ వదిన చాట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. మహబూబ్‌నగర్ దగ్గర పల్లెటూరు ఆమెది.

"మూడోనాడే పిట్ట ముట్టింది పద్మా. ఎంబడే వచ్చింది. మా తమ్మునికి కోరికలేం లేకుండె" అంది వదిన.

మా వైపు పిండం కాకి ముట్టింది అంటాం. ఇక్కడ పిట్ట అంటారు. ఏ పేరుతో పిలిచినా అది ఆలస్యం చేస్తే బంధువుల గుండెల్లో రాయి పడటం మాత్రం రెండు చోట్లా ఒకటే.

పక్కింటివాళ్ళు పంపిన జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని నడుం వాల్చానో లేదో, వాకిట్లో ఎవరో పిలిచారు. పాతికేళ్ళ అమ్మాయి, మెడలో ఆఫీసు కార్డు ఉంది.

"అంజన్న దగ్గర ఫాల్‌కి చీర ఇచ్చిన అక్కా. ఇట్లాంటి టైంల అడుగుడు మంచిగ లేదు, కానీ ఫంక్షన్ ఉన్నది."

"ఏ చీర బిడ్డా?"

"జిగ్‌జాగ్ ప్రింట్‌ది."

అక్క ఒక్క క్షణం ఆలోచించి, "ఓహో, వంకీలమ్మవా నువ్వు" అని గోడవారన ఉన్న చీరల బొత్తిలోంచి ఒకటి లాగింది. బావ దాని ఫాల్ సగమే కుట్టాడు. సూది ఇంకా బట్టలోనే ఉంది. అక్క సూది తీసి తన కొంగుకి గుచ్చుకుంది. "సగమే అయింది. వేరేకాడ కుట్టించుకో" అని చీర చేతిలో పెట్టింది. ఆ పిల్ల చీర గుండెలకి హత్తుకుని వెళ్ళిపోయింది.

బావకి షుగరు. ఆఖరి సంవత్సరాల్లో కళ్ళు బాగా మందగించాయి. రంగులు కలిసిపోయేవి కానీ, కొట్టొచ్చినట్టుండే గీత మాత్రం కనిపించేదట. అందుకని ఆయన మనుషుల్ని పేర్లతోనూ, చీరల్ని రంగులతోనూ గుర్తుపెట్టుకోవడం మానేశాడు. చుక్కల టీచరమ్మ, అడ్డచారల బ్యాంకు మేడం, వంకీలమ్మ, చదరంగం ఆంటీ అని పిలిచేవాడు. ఈ పేర్లలో సగం అక్క నేర్పినవే. మా నాన్న మగ్గం పక్కన కూర్చుని మేం పలక మీద అక్షరాలకంటే ముందు నేర్చుకున్న మాటలవి. చిట్టిగళ్ళు, పెద్దగళ్ళు, జోడుగళ్ళు, గుడి అంచు, రుద్రాక్ష అంచు, వంకీ. బావ తన పల్లెమాటలు కొన్ని కలిపాడు. ఆ సందులో ఆడవాళ్ళంతా తమకి తెలియకుండానే ఆ పేర్లతో తిరుగుతున్నారు.

సాయంత్రం దీపం పెట్టాక అక్క ట్రంకుపెట్టె తీసింది. అడుగునుంచి పాత పంచెలో చుట్టిన చీర తీసి నా ఒళ్ళో పెట్టింది. విప్పకముందే నాకు తెలిసిపోయింది. నాన్న నేసిన ఆఖరి చీరల్లో ఒకటి. ఆకుపచ్చ మీద పసుపు జోడుగళ్ళు, రుద్రాక్ష అంచు. మా ఇద్దరికీ ఒకే పడుగు మీద ఒక్కొక్కటి నేశాడు. ఆ తర్వాత మగ్గం విప్పేశాం. నాది నేను కట్టి కట్టి చింపుకున్నాను. అక్క మాత్రం పండగకీ పబ్బానికీ కడుతూ దాచుకుంది. నాన్న చేతి బట్ట ఈ భూమి మీద ఇదొక్కటే మిగిలింది.

"పదోరోజు ఇదే కట్టుకుంటా" అంది అక్క.

ఆ రోజు సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. పొద్దున్నే ఆమెని ఆఖరిసారి ముత్తైదువలా ముస్తాబు చేస్తారు. భర్తకి ఇష్టమైన చీర కట్టి, పూలు పెట్టి, చేతినిండా గాజులు తొడిగి, ఆ తర్వాత అన్నీ తీసేస్తారు. ఒంటిమీది చీర మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. బట్టలుతికే మనిషి పట్టుకుపోతుంది. స్నానం చేయించి పుట్టింటి చీర కడతారు. అంటే నాన్న చీర పోయి, దాని స్థానంలో నేను కొట్లో కొన్న చారల చీర వస్తుందన్నమాట.

"ఇంకేదైనా కట్టుకోవే అక్కా. ఇది పోతే మనకి నాన్నది ఏముంది?"

"రోజూ మధ్యాహ్నం టిఫిన్ పట్టుకపోతుంటి గదా. ఏ చీర కట్టినా ఆయనకి నేను దగ్గరకొస్తే గానీ తెల్వకపోయేది. ఇది కడితే మాత్రం పాలబూత్ దాటంగనే లేచి నిలబడేటోడు. అదుగో మా రత్నం వస్తున్నదని పక్క పండ్లబండాయనకి చెప్పేటోడు." నా ఒళ్ళోని చీర నిమిరి, "ఆ రోజు ఆయనకి నేను కనబడొద్దా?" అని అడిగింది.

చాలాసేపు వాదించుకున్నాం. గొంతులు లేపకుండా, వదిన వినకుండా, చిన్నప్పుడు నాన్న నిద్రపోతుంటే పోట్లాడుకున్నట్టే. చివరికి అక్కే దిగొచ్చింది. "సరే. అచ్చం ఇట్లాంటిదే ఇంకోటి దొరికితే తీసుకురా. అది కట్టుకుంటా, దీన్ని నువ్వు తీసుకపో. దొరక్కపోతే మాత్రం నోరు మూసుకోవాలె."

నారాయణగూడ: చెక్స్

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. నెత్తిమీద మెట్రో రైలు పోతుంటే కింద జనం తల ఎత్తి చూడను కూడా చూడరు. మా ఊళ్ళో గూడ్సు బండి వెళ్ళినా గేటు దగ్గర నిలబడి పెట్టెలు లెక్కపెడతాం. దారిలో ఒక చోట ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ మీద కారప్పొడి, నెయ్యి పోసి ఇచ్చాడు. నలభై రూపాయలు. అల్లప్పచ్చడి అడిగితే, "గది లేదమ్మా, పల్లీ చట్నీ అన్‌లిమిటెడ్" అన్నాడు. అన్‌లిమిటెడ్ అన్నాడు కదాని మూడుసార్లు వేయించుకున్నాను. మనిషి పోయిన ఇంటినుంచి వచ్చి ఇంత ఆకలేమిటని నామీద నాకే రోత పుట్టింది.

నారాయణగూడ చౌరస్తా చుట్టూ బట్టల కొట్లే. మొదటి కొట్లో చల్లగా ఏసీ, పరుపు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు.

"జోడుగళ్ళ చీరలున్నాయా బాబూ?" అని అడిగాను.

"గా బ్రాండ్ మా దగ్గర లేదు మేడం" అన్నాడు సేల్స్‌మన్, చాలా మర్యాదగా.

వేలితో పరుపు మీద గీసి చూపించాను. అడ్డంగా రెండు గీతలు, నిలువుగా రెండు గీతలు. "ఓ, చెక్సా!" అని లేచాడు. ఇక కుమ్మరించాడు చూడండి. మైక్రో చెక్స్, బాక్స్ చెక్స్, బ్రోకెన్ చెక్స్. ఒకదానిలో గళ్ళ మధ్య ఏనుగులున్నాయి, ఒకదానిలో ఎవరో ఆడమనిషి ముఖం ఉంది. ఎర్రవి, నల్లవి, బూడిదరంగువి. నాకు కావలసింది లేదు. రెండో కొట్లో, మూడో కొట్లో కూడా అదే మాట. గుడి అంచుని టెంపుల్ అంటారు, చుక్కల్ని పోల్కా అంటారు, వంకీలూ మెట్లూ చతురస్రాలూ ఏవైనా సరే కలిపి జామెట్రిక్ అంటారు. నాన్న బతికుంటే ఆ మాటకి పడీ పడీ నవ్వేవాడు. తను జామెట్రిక్ నేస్తున్నానని తెలియకుండానే పోయాడు పాపం.

కాళ్ళు పీకుతుంటే ఫాల్సూ, జాకెట్టు గుడ్డలూ అమ్మే ఒక మ్యాచింగ్ సెంటర్ మెట్ల మీద కూలబడ్డాను. లోపల్నుంచి గడ్డం నెరిసిన పెద్దాయన వచ్చి, "పరేషాన్ ఉన్నట్టున్నరు, లోపల కూసోండి అమ్మా" అన్నాడు. ఆయన పేరు సలీం భాయ్. చీర గురించి చెబుతూ మా బావ పేరెత్తాను. ఆయన చేతిలోని గజంబద్ద కింద పెట్టేశాడు.

"అంజన్న మరదలా మీరు? ఆయన నా దగ్గర్నే ఫాల్స్ తీస్కపోతుండె. రంగు అడిగితే తప్పు చెప్పేటోడు. ఎరుపంటే నేను చీర చూసి మెరూన్ ఇచ్చేటోన్ని. ఇద్దరం నవ్వుకునేటోళ్ళం. మొన్న ఆరుగురు ఆడోళ్ళు వచ్చి ఇగ ఫాల్ ఎవరు కుడ్తరు భాయ్ అని అడిగిన్రు. నాకు తెల్వదన్న."

చాయ్ తెప్పించాడు, ఉస్మానియా బిస్కెట్లతో. మా వైపు బిస్కెట్టు తీపిగా ఉంటుంది, ఇది తీపీ ఉప్పూ రెండూ. నేను కాగితం మీద గళ్ళు గీసి చూపిస్తే ఆయన చాలాసేపు చూశాడు.

"మా ఇంట్ల దీన్ని చార్‌ఖానా అంటం. మా అమ్మ పరుపు గలీబులన్నీ గీ బట్టతోనే కుడుతుండె. ఇప్పుడు ఏడికెళ్ళి వస్తదమ్మా ఇది? నేసెటోళ్ళేరి?" గడ్డం గోక్కుని, "జర ఆగుండ్రి. అశోక్‌నగర్ల ఒక పిల్ల ఉన్నది, మౌనిక. సర్కారు నౌకరీ కోసం చదువుతది. వాళ్ళ అమ్మ చీరలు పంపిస్తే హాస్టల్‌ల అమ్ముకుంటది. నారాయణపేట దిక్కు నేతోళ్ళ పిల్ల. అడిగి చూడుండ్రి" అని ఫోన్ నంబరు రాసిచ్చాడు. చాయ్ డబ్బులు ఇవ్వబోతే, చావింటి మనిషి దగ్గర తీసుకోనన్నాడు.

అశోక్‌నగర్: హాస్టల్ గదిలో

అశోక్‌నగర్ వీధుల్లో ముసలివాళ్ళు కనబడరు. అందరూ ఇరవైల్లో పిల్లలే. భుజాన సంచి, చేతిలో నీళ్ళసీసా, కళ్ళకింద నలుపు. ఏ గోడ చూసినా కోచింగ్ కాగితాలు, ఏ మేడ చూసినా రీడింగ్ రూమ్ బోర్డు. జిరాక్సు కొట్ల ముందు రేషను షాపులోలా వరసలు. మా ఊళ్ళో పెళ్ళి భోజనాల దగ్గర కూడా ఇంతమంది పిల్లలు ఇంత నిశ్శబ్దంగా ఉండరు.

మౌనిక నన్ను ముందు మెస్సుకి తీసుకెళ్ళింది, తిన్నాకే చీరలంది. సన్నటి పిల్ల, నవ్వితే ఒక పక్కే నవ్వుతుంది. చింతకాయ తొక్కు అని ఏదో వడ్డిస్తే పప్పులో కలుపుకోవాలని తెలియక ఉత్తదే ముద్దలో పెట్టుకున్నాను. చెవుల్లోంచి పొగలొచ్చాయి. పక్క బెంచీల పిల్లలు పుస్తకాల్లోంచి తలలెత్తి నా దగ్గు చూశారు. మౌనిక మజ్జిగ పట్టుకొచ్చింది.

ఆమె గదిలో నలుగురుంటారు. తక్కిన ముగ్గురూ లైబ్రరీకి పోయారు. మంచం కింద పుస్తకాల పక్కనే చీరల మూట. విప్పుతూ అడిగింది: "సలీం భాయ్ ఏదో చెప్పిండు గానీ నాకు సమజ్ కాలే. ఎట్లాంటిది కావాలక్కా?"

"మా ఇంట్లో జోడుగళ్ళు అంటాం."

ఆమె చేతులు ఆగాయి. "మేం జోడు గడులంటం" అంది.

ఇక ఇద్దరం మొదలుపెట్టాం. నేను వంకీ అంటే, అది మా వైపూ వంకీయే అంది. గుడి అంచు కూడా అంతే. నేను చిట్టిగళ్ళంటే, మా నాయన మినుపగింజ గడులంటడు అంది. నాకు నవ్వొచ్చింది. బావ పోయాడని విన్నాక నవ్వడం అదే మొదలు. ఆమె కూడా నవ్వింది, రెండు పక్కలా. ఎప్పుడో తప్పిపోయిన పిన్ని కూతురు కనబడ్డట్టనిపించింది నాకు.

అంతలోనే ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "ఈ మాటలు నేను ఈడ ఎవ్వరికి చెప్పక్కా. గడులంటే నవ్వుతరు. చెక్స్ అంటేనే చీర అమ్ముడువోతది."

"మీ నాన్న నేస్తున్నారా ఇప్పుడు?"

"ఏడ నేస్తడక్కా? మగ్గం బందై ఏండ్లయితున్నది. విద్యానగర్‌ల బిల్డింగ్ పనికి వస్తడు. ఇటుకలు మోస్తడు. ఆదివారం నన్ను చూడనీకి వచ్చినప్పుడు చేతులు చూస్తే ఏడుపొస్తది. పోగు పట్టే చేతులవి." చీరలు ఒక్కొక్కటే పరుస్తూ మాట్లాడుతోంది. "నౌకరీ వస్తే ఆయన్ని పని బంద్ చేయించాలె. గదే నా పరేషాన్. నోటిఫికేషన్ ఏమో రాదు."

వస్తుందమ్మా అన్నాను. ఎవరైనా అదే అంటారు.

మూట అడుగునుంచి అది బయటపడింది. ఆకుపచ్చ మీద పసుపు జోడుగళ్ళు. అంచుకి చుక్క చుక్కగా రుద్రాక్షలు కూడా. లాక్కుని చూశాను. గడి కొలత కూడా దాదాపు అంతే. ఆనందంతో కొంగు తిరగేశాను.

వెనక ఏమీ లేదు. పాలిపోయిన పచ్చ బట్ట, అంతే. నేసిన చీరలో గీత ఇటూ అటూ కనబడుతుంది. ఇది ఒకవైపు గుద్దిన రంగు.

"ప్రింటక్కా" అంది మౌనిక మెల్లగా. "మా ఊరిది కాదు. అమ్మ సూరత్ నుంచి మాల్ తెప్పిస్తది. నేతదని చెప్పి అమ్మొచ్చు, అందరు అట్లనే అమ్ముతరు. నీకు అట్ల చెప్పబుద్ధి కాలే."

కొన్నాను. చెయ్యి చాపేంత దూరం నుంచి ఎవరూ పోల్చలేరు. పాలబూత్ దూరం నుంచి అసలే పోల్చలేరు. ఆ మాట నాకు నేనే చెప్పుకుంటూ నడిచాను. దారిలో వాన దంచింది. ఒక్క ఆటోవాడూ ఆగలేదు. చీర ఉన్న ప్లాస్టిక్ సంచిని పొట్టకి అదుముకుని, నేను మాత్రం నిలువునా తడిసి ఇల్లు చేరాను.

అక్క చీర విప్పి, బొటనవేలితో రాసి, తిరగేసి చూసింది. "వెనక ఖాళీ."

"దూరం నుంచి తెలియదక్కా."

అక్క ఆ ప్రింటు చీర మడత పెట్టింది. తర్వాత నాన్న చీరని పంచెలో చుట్టి, తనే నా సంచిలో అడుగున పెట్టింది. "మాటంటే మాట. జాగ్రత్తగ పెట్టుకో" అంది. నిజం చెబుతున్నాను, ఆ పూట నేను సంతోషించాను. అక్కకి అంత కష్టం వచ్చిన ఇంట్లో కూర్చుని, నాకు కావలసింది నాకు దక్కిందని కడుపునిండా అన్నం తిన్నాను.

పదోరోజు

మగవాళ్ళు పొద్దున్నే కర్మకాండకి వెళ్ళారు. ఇంట్లో ఆడవాళ్ళమే మిగిలాం. ముందు గదిలో కుర్చీ మీద బావ ఫోటో పెట్టారు. మనిషి ఎవరినో వెతుకుతున్నట్టు కళ్ళు చికిలించి ఉన్నాడు ఫోటోలో. అక్కకి తలంటి, ఆ ప్రింటు చీర కట్టి తీసుకొచ్చారు. పూలు, పసుపు, గాజులు పళ్ళెంలో సిద్ధంగా ఉన్నాయి. చూడటానికి ఏ లోటూ లేదు. "ఈ చీర తమ్మునికి మస్తు ఇష్టముండె" అని యాదమ్మ వదిన ఎవరితోనో చెబుతోంది. సొంత ఆడపడుచే పోల్చలేదు.

అక్క ఫోటో ముందు కూర్చుంది. కాసేపు చూసి, ముందుకి వంగి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు గట్టిగా మాట్లాడింది.

"ఇది నువ్వు చూసే చీర కాదు. అయినా వచ్చింది నేనే. జర గుర్తుపట్టు."

గదిలో ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు, నాకు తప్ప. అన్ని రోజులూ ఏడవని అక్క అప్పుడు ఏడ్చింది. నోరు తెరిచి, చిన్నపిల్లలా.

నేను లోపలికి వెళ్ళాను. సంచి అడుగునుంచి పంచె మూట తీశాను. నాన్నా, నన్ను తిట్టుకోకు అనుకున్నాను.

"ఏంది పద్మా?" అంది వదిన.

"ఒక్క నిమిషం వదినా. చీర మార్చాలి."

"ఇప్పుడా?" అని నా ముఖం చూసింది. "సరే తియ్. ఇంక పూలు పెట్టలే, గాజులు తొడగలే. ఏం కాదు" అని అందర్నీ బయటికి పంపి తలుపు వేసింది.

నేనే కట్టాను. గళ్ళ చీర కుచ్చిళ్ళు పోయడానికి మా ఇంట్లో ఒక పద్ధతుంది. కుచ్చి వెడల్పు వేళ్ళతో కొలవకూడదు, గళ్ళతో కొలవాలి. మూడేసి గళ్ళకి ఒక మడత. అప్పుడు జోడు మీద జోడు పడి, కుచ్చిళ్ళన్నీ కలిపి చూస్తే ఒకే గీతలా కనబడతాయి. అమ్మ మాకు అలాగే కట్టేది. నేను కింద కూర్చుని మడత పెడుతుంటే కన్నీళ్ళకి గళ్ళు కనబడలేదు. అక్కే పైనుంచి చెప్పింది. "ఒక గడి తప్పింది పద్దూ. జోడు మీద జోడు రాలే. మళ్ళా పొయ్." మళ్ళీ పోశాను.

అక్క ఫోటో ముందుకి మళ్ళీ వెళ్ళి నిలబడింది. కొంగు భుజం మీద సర్దుకుని, గళ్ళు బాగా కనబడేలా కాస్త పక్కకి తిరిగింది. తర్వాత పూలు పెట్టారు. గాజులు తొడిగారు. తర్వాత జరిగింది రాయను. చూసినవాళ్ళకి తెలుసు, చూడనివాళ్ళు చూడకుండానే ఉండాలి.

స్నానానికి అక్కని పెరట్లోకి తీసుకెళ్ళాక, బట్టలుతికే సాయమ్మ వచ్చింది. కవాడిగూడ నుంచి నడిచి వచ్చిందట. చీర గుమ్మం పక్కన కుప్పగా ఉంది. ఆమె కూర్చుని మడత పెట్టబోయి, అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను ఆ చీరనే చూస్తున్నాను.

"నీ పుట్టింటిదా బిడ్డా?" అని అడిగింది. తల ఊపాను. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఉంచుకుంటవా? నేను తీస్కపోయిన అనే చెప్త. ఎవ్వరికి తెల్వదు."

ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. చేయి చాపితే అందుతుంది. పెరట్లో అక్క నెత్తిన చెంబులతో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడుతోంది. ఆ నీళ్ళ కింద ఉన్న మనిషి, తన చీర బావ వెనకాలే పోయిందని అనుకుంటోంది. నా పెట్టెలో ఉంటే అది పోనట్టే కదా.

"వద్దు సాయమ్మా. తీసుకెళ్ళు."

"ఖరాబు చెయ్య బిడ్డా. నేనే కట్టుకుంట."

"కట్టుకో. చిరిగేదాకా కట్టుకో" అన్నాను. ఆమె మూట చంకన పెట్టుకుని మెట్లు దిగింది. నేను గుమ్మం పట్టుకుని ఏడ్చాను. బావ కోసం ఎంత ఏడ్చానో, నాన్న కోసం ఎంత ఏడ్చానో విడదీసి చెప్పలేను.

అక్క సన్న చారల తెల్ల చీరలో బయటికి వచ్చింది. గుమ్మం వైపు చూసి, అక్కడ ఏమీ లేదని చూసుకుని, నా చేయి పట్టుకుంది. చేయి చల్లగా ఉంది. "తిన్నవా?" అంది.

తిరుగు రైలు

ఆ రోజు వచ్చినవాళ్ళందరూ స్నానం చేసి బట్ట మార్చుకోవాలి. నా రెండో చీర వానకి తడిసి ఇంకా ఆరలేదు. చేసేది లేక ఆ ప్రింటు చీరే కట్టుకుని బయల్దేరాను. అక్క బస్టాపు దాకా వస్తానంది, వదిన రానివ్వలేదు, ఇంకా గడప దాటకూడదంది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను సందు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉందని తెలుసు. ఈ చీరలో నన్ను గుర్తుపట్టడం తేలికే కదా.

రైల్లో నా ఎదుటి సీట్లో ఒంగోలు ఆవిడ. తెనాలిలో టీ తాగాక నన్ను కిందనుంచి పైకి చూడటం మొదలుపెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది.

"మీ చీర చాలా బావుందండీ. మా అమ్మకి అచ్చం ఇలాంటిదే ఉండేది. ఈ రెండేసి గీతల గళ్ళకి ఏదో పేరుండేదండీ, అమ్మ అనేది. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. మీకు తెలుసా, వీటినేమంటారు?"

తెలుసు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కొంగు కొస వేళ్ళకి చుట్టుకుని ఉంది. తిప్పి చూశాను, వెనక ఖాళీ. నా ఒంటి మీద ఉన్నదానికి నాన్న పెట్టిన పేరు పెట్టడానికి నోరు రాలేదు.

"చెక్స్ అంటారండీ" అన్నాను.